పాత కాపీని పక్కనే దాచే ప్యానెల్: నాలుగేళ్లు వాడాక

చీమకుర్తిలో మా మేనమామకు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. దాని వెబ్‌సైట్ బాగోగులు నావి. సైటు వర్డ్‌ప్రెస్‌ది, ఉండేది షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే చోట. హోస్టింగ్ కంపెనీ పేరు రాయను, జరిగినదాంట్లో సగం తప్పు నాది. స్పీడెంత, స్టోరేజీ ఎంత అన్నవి వాళ్ల పేజీలోనే ఉంటాయి. నా గొడవంతా సైటు ఫైళ్లు చూసుకోవడానికి వాళ్లిచ్చే ప్యానెల్లోని ఒకే ఒక్క సౌకర్యంతో.

ఇందులో ఏ ఫైలునైనా తెరిచి, మార్చి, సేవ్ కొడితే పాతదాని పేరు చివర '.ఓల్డ్' తగిలించి అదే ఫోల్డర్లో ఉంచుతుంది. మొదటి ఏడాది దీన్ని తెగ మెచ్చుకున్నాను. ఒకసారి ఒంగోలు బస్టాండులో నిలబడి ఫోన్లోనే థీమ్ ఫైలు సరిచేయబోయి ఒక సెమికోలన్ ఎగరగొట్టాను. సైటు తెల్ల కాగితమైపోయింది. వెంటనే మామ ఫోన్: "ఏంది అబ్బయా, బెంగళూరు పార్టీ లైన్లో ఉన్నాడు, స్లాబుల ఫోటోలు రావట్లేదంట!" పాత కాపీకి అసలు పేరు పెట్టాను, చీమకుర్తి బస్సు కదిలేలోపు సైటు లేచి కూర్చుంది. ఆ ఊపులోనే ఐదు నక్షత్రాలు ఇచ్చేశాను.

నిరుడు శ్రావణంలో ఒక మధ్యాహ్నం యూనిట్లో బ్లాక్ గెలాక్సీ రకం గ్రానైట్ స్లాబుల ఫోటోలు తీస్తున్నాం. రాతిపొడి పోయేలా నీళ్లు కొట్టి, ఆ బంగారు చుక్కలు మెరిసే కోణం కోసం నేను వంగి ఉన్నాను. అప్పుడు విజయవాడ నుంచి పాత ఖాతాదారు మామకు ఫోన్ చేశాడు. "బ్యాంకు ఖాతా మార్చారా? అడ్వాన్సు కొత్త నంబరుకు వేయమని మెయిల్ పెట్టారు." మామ నా వైపు చూశాడు. మేం పంపిన మెయిళ్లలో అలాంటిదేమీ లేదు. ఆయన్ను అడిగి తెప్పించుకుని చూస్తే అది మా చిరునామా నుంచే, మా సర్వర్ మీదుగానే వెళ్లింది. ఆ మెయిల్ రాసిన మోసగాడు పాత లాట్ నంబరు కూడా సరిగ్గా రాశాడు. అంటే మా ఇన్‌బాక్స్ అంతా తీరిగ్గా చదివాడన్నమాట. ఆ ఖాతాదారుకు ఏదైనా ఫోన్లో అడిగితే గానీ నమ్మకం కుదరదు. అలా డబ్బు పోలేదు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాల్సిన పని పడలేదు. మొదట నేను లెక్కలు రాసే కుర్రాణ్ని అనుమానించాను. వాడి ఫోన్ కూడా తీసుకుని చూశాను. ఇప్పటికీ వాడు నాతో ముక్తసరిగానే మాట్లాడతాడు.

సాయంత్రం యాక్సెస్ లాగ్, అంటే సైట్లో ఎవరు ఏ ఫైలు అడిగారో సర్వర్ రాసుకునే చిట్టా, దించుకున్నాను. ఒకే అడ్రసు నుంచి వరసగా తలుపులు కొట్టినట్టు: '.ఎన్వ్' 404, '.గిట్/కాన్ఫిగ్' 404, 'డబ్ల్యూపీ-కాన్ఫిగ్.పీహెచ్‌పీ.బ్యాక్' 404, అదే పేరుతో '.సేవ్' 404, '.ఓల్డ్' 200. ఇవన్నీ పాస్‌వర్డ్‌ల వంటి రహస్యాలు దొరికే ఫైళ్ల పేర్లు; 'డబ్ల్యూపీ-కాన్ఫిగ్' వర్డ్‌ప్రెస్ తన సెట్టింగులు దాచుకునే ఫైలు. 404 అంటే అలాంటి ఫైలు లేదు పొమ్మని. 200 అంటే ఇదిగో తీసుకొమ్మని. నేనూ బ్రౌజర్లో ఆ '.ఓల్డ్' పేరే కొట్టి చూశాను. తెల్ల పేజీ మీద నల్ల అక్షరాలు: డేటాబేస్ పేరు, యూజరు, పాస్‌వర్డ్. ఇంకాస్త కింద ఆఫీసు మెయిల్ పాస్‌వర్డ్. చేతులు చల్లబడ్డాయి.

వర్డ్‌ప్రెస్ ప్రోగ్రాం రాసి ఉండే పీహెచ్‌పీ ఫైలును ఎవరైనా అడిగితే సర్వర్ దాన్ని నడిపి ఫలితం ఇస్తుంది తప్ప లోపలి రాత చూపించదు. చివర '.ఓల్డ్' చేరేసరికి మా సర్వర్‌కు అది ప్రోగ్రాం కాదు, మామూలు కాగితం. అడిగినవాడి చేతిలో పెట్టేసింది. డేటాబేస్ బయటి నుంచి తెరుచుకోదు కాబట్టి ఆ పాస్‌వర్డ్‌తో వాడికి పని జరగలేదు. పని జరిగింది మెయిల్ పాస్‌వర్డ్‌తో. దాన్ని అక్కడ పెట్టింది నేనే. సైటు నుంచి ఎంక్వయిరీ మెయిళ్లు వెళ్లడం కోసం కాన్ఫిగ్‌లో రాసి సేవ్ కొట్టాను. మెయిల్ సర్వర్ పోర్టు నంబరు తప్పు పడిందని మళ్లీ తెరిచి 465ను 587 చేసి ఇంకోసారి సేవ్ కొట్టాను. ఆ రెండో సేవ్‌తో పాస్‌వర్డ్ ఉన్న కాపీ పక్కకు చేరింది. ఒక్కసారే సేవ్ కొట్టి ఉంటే ఆ పాత కాపీలో మెయిల్ సంగతే ఉండేది కాదు.

సపోర్టు వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. "అది సౌకర్యమండీ, లోపం కాదు" అన్నారు. సెట్టింగుల్లో నాలుగో పేజీలో 'మార్చే ముందు కాపీ ఉంచు' అని ఒక గడి ఉందట, దానికి ముందే టిక్కు పెట్టి ఉంటుందట. ఇన్నేళ్లలో ఆ పేజీ నేను తెరవలేదు. అయినా కాపీని పబ్లిక్ ఫోల్డర్లో ఎందుకు పెట్టాలి, వేరేచోట పెట్టొచ్చు కదా అంటే, టికెట్ పైవాళ్లకు పంపామన్నారు. ఇంకా పైనే ఉంది.

టిక్కు తీసేశాను. ఉన్న '.ఓల్డ్'లన్నీ ఏరి పారేశాను. మొత్తం 17 తేలాయి. కాన్ఫిగ్‌ను పబ్లిక్ ఫోల్డర్ నుంచి ఒక మెట్టు పైకి జరిపాను, వర్డ్‌ప్రెస్ అక్కడ కూడా వెతుక్కుంటుంది. పాస్‌వర్డ్‌లతో పాటు అందులో ఉండే 8 రహస్య తాళాలూ మార్చాను. దాంతో లాగిన్ అయి ఉన్నవాళ్లంతా బయటపడ్డారు. మామకు తన పాస్‌వర్డ్ గుర్తులేదు, ఆయన్ను మళ్లీ లోపలికి పంపడానికే అరగంట పట్టింది.

ఇప్పుడు మార్పులు ఇంట్లో చేసుకుని, సర్వర్‌కు ఫైళ్లు పంపే ఫైల్‌జిల్లా అనే ప్రోగ్రాంతో ఎక్కిస్తున్నాను. అందులోనూ మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే, సేవ్ చేసిన సర్వర్ పాస్‌వర్డ్‌లు మన కంప్యూటర్లో ఎవరైనా విప్పి చదవగలిగేలా ఉంటాయి. మాస్టర్ పాస్‌వర్డ్ 2017లో వచ్చిన ఏర్పాటు, నేను పెట్టుకుంది మాత్రం ఈ మధ్యే.

ఐదు నక్షత్రాలను మూడు చేశాను. పూర్తిగా తీసేయలేదు. మూడేళ్లకు సరిపడా డబ్బు ముందుగానే కట్టి ఉన్నాను, సర్వర్ పడుకున్న రోజులు కూడా తక్కువే. పైగా మా సైట్లో ఆన్‌లైన్ చెల్లింపులు లేవు, ఉన్నవి స్లాబుల ఫోటోలు, ఒక ఎంక్వయిరీ ఫారం. కొనుగోలుదారుల కార్డు వివరాలు దాచే షాపైతే నేనిక్కడ ఉండేవాణ్ని కాదేమో. బస్టాండులో నిలబడి ఫోన్లో ఫైలు మార్చే అలవాటు మాత్రం మానేశాను, ఆ ఒక్కదానికి ఇప్పటికీ కాస్త దిగులుగానే ఉంది.