పరిహారం పైసలు: బ్యాంకుకు సున్నా, ఆడిటర్‌కు నాలుగు స్టార్లు

మాది నార్కట్‌పల్లి వైపు. కాలువ కింద భూమి పోయి నష్టపరిహారం ఖాతాలో పడిందో లేదో, బ్రాంచి నుంచి ఇన్సూరెన్స్ పాలసీ కోసం ఒకటే ఫోన్లు. పాస్‌బుక్ ప్రింటుకు పోతే కౌంటర్ దగ్గర అందరి ముందే "పెద్దాయనా, పైసలు బాగానే వచ్చినయి గదా" అన్నాడు మేనేజర్. సాయంత్రానికల్లా చిట్టీల వాళ్లు, ప్లాట్ల ఏజెంట్లు ఇంటి ముందు. ఇంక అప్పు అడిగే చుట్టాల సంగతి చెప్పక్కర్లేదు. ఆ బ్రాంచికి సున్నా.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి ఆడిటర్ మాత్రం తలుపు మూసి మాట్లాడాడు. 2013 భూసేకరణ చట్టం 96వ సెక్షన్ ప్రకారం అవార్డు సొమ్ముకు, అంటే భూమికి ఇచ్చే పరిహారానికి, ఆదాయపు పన్ను లేదు. అయినా రిటర్నులో చూపించమన్నాడు. ఏడాదిలో 10 లక్షలు, ఆపైన ఫిక్స్‌డ్ డిపాజిట్లు చేస్తే బ్యాంకే పన్ను శాఖకు చెబుతుంది కాబట్టి అక్కడ దాపరికం కుదరదు. వడ్డీకి పన్ను ఉంటుంది. ఒక్కో బ్యాంకులో డిపాజిట్ బీమా వడ్డీతో కలిపి 5 లక్షల వరకే, అందుకే సొమ్ము విడగొట్టించాడు. జీవిత బీమా పాలసీ నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చని ఆయన చెప్పిందే మా తమ్ముడికి పనికొచ్చింది.

ఫీజుకు రసీదు అడిగితే గానీ ఇవ్వలేదు. ఆ ఒక్క స్టార్ అందుకే కోశాను.