ఉలికిపడే గుర్రానికి ఏ నోస్‌బ్యాండ్? మూడేళ్ల వాడకం తర్వాత నా మాట

మా తార మలక్‌పేట రేసుల నుంచి రిటైరై వచ్చిన థరోబ్రెడ్ ఆడగుర్రం. ఈగ వాలినా ఒళ్లంతా జలదరిస్తుంది. గేటు దగ్గర ప్లాస్టిక్ కవరు ఎగిరితే చాలు, తల పైకెత్తి, నోరు తెరిచి పరుగందుకునేది. "నోస్‌బ్యాండ్ ఇంకో రంధ్రం బిగిద్దాం మేడం, దారికొస్తుంది" అనేవాడు గుర్రాన్ని చూసుకునే సైసు. నోస్‌బ్యాండ్ అంటే గుర్రం ముక్కు చుట్టూ కట్టే ముక్కుపట్టీ. తోటి రైడర్లదీ అదే సలహా.

బిగించాను. అప్పుడు వాడింది ఫ్లాష్ అనే రకం. మామూలు ముక్కుపట్టీకి ముందు నుంచి ఇంకో సన్నపట్టీ దిగి, కళ్లెం కింద నుంచి గడ్డం చుట్టూ తిరుగుతుంది. నోరైతే మూసుకుంది గానీ తల విదిలించడం ఎక్కువైంది. నెల తిరక్కుండానే చెంప ఎముక కింద వెంట్రుకలు రాలి, రూపాయి బిళ్లంత మేర చర్మం కనిపించింది. అక్కడ వేలు పెట్టగానే తల లాక్కుంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మొండితనం అనుకున్నదంతా నొప్పే.

పశువైద్యుడికి చూపిస్తే పైపళ్ల బయటి అంచులు కత్తుల్లా ఉన్నాయన్నారు. పట్టీ బిగిసినకొద్దీ చెంప లోపలి చర్మం వాటికే ఒత్తుకుంటుంది. అంచులు అరగదీయించాక సగం గొడవ అక్కడే తగ్గింది. కాబట్టి పట్టీ కొనే ముందు పళ్లు చూపించండి.

తర్వాత డ్రాప్ అనే రకం, అంటే కళ్లెం కింద నుంచి తిరిగే ఒకే పట్టీ, ఆరు వారాలు వాడాను. అది ముక్కుపుటాలకు నాలుగు వేళ్లు పైన, ఎముక మీద నిలవాలి. జారితే మెత్తని భాగాన్ని నొక్కుతుంది. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, దానికి ముక్కే దిక్కు. తారది చిన్న ముఖం, ఎంత సర్దినా జారిపోయేది. తీసేశాను. 1931లో గ్రాండ్ నేషనల్ గెలిచిన గుర్రం పేరు మీద వచ్చిన గ్రాకల్ (ముక్కు మీద రెండు పట్టీలు అడ్డంగా కలిసే రకం) కూడా అరువు తెచ్చి చూశాను. ఊపిరికి హాయిగానే ఉంది, కానీ పట్టీలు కలిసే చోట ఒరుపు వచ్చింది.

ఇప్పుడు వాడుతున్నది మిక్లెమ్ తరహా. ఐర్లండ్‌కు చెందిన విలియం మిక్లెమ్ డిజైన్ ఇది. పట్టీలు చెంప ఎముక అంచునూ అక్కడి నరాలనూ తప్పించుకుంటూ ఏటవాలుగా దిగుతాయి. వారం తిరక్కుండా తార నోట్లో తెల్లటి నురగ కనిపించింది. కళ్లెం మెల్లగా నములుతూ, మెడ దించి నడిచింది. నాకు అంతకన్నా ఏం కావాలి!

లోపాలూ ఉన్నాయి. మొదటిసారి సర్దడానికి గంట పట్టింది. మామూలు సైజు పెద్దదైంది, చిన్నది తెప్పించాల్సి వచ్చింది. నాది కాన్పూర్ తోలుతో చేసింది. తోలు గట్టిదే కానీ రెండో వర్షాకాలానికి బకిల్స్ తుప్పుపట్టాయి, మార్పించాను. జూలై నుంచి సెప్టెంబరు దాకా రోజూ చెమట తుడిచి ఆరబెట్టకపోతే బూజు పడుతుంది.

ఏ పట్టీ అయినా బిగువు చూసేది ముక్కు ఎముక మీదే. చెంప పక్కనో గడ్డం కిందో వేళ్లు సులువుగా దూరతాయి, అది చూసి మోసపోవద్దు. ఎముక మీద రెండు వేళ్లు పట్టాలి. అంతర్జాతీయ పోటీల్లో 2025 నుంచి ఎఫ్‌ఈఐ (అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య) దీన్ని గేజ్‌తో కొలుస్తోంది, 1.5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాల్సిందే.

వినాయక నిమజ్జనం డప్పులకు తార ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. అప్పుడు పట్టీ జోలికి పోను. పగ్గం కాస్త వదిలి, మెడ నిమురుతూ పక్క సందులోకి తిప్పేస్తాను.