హెచ్చరిక: ఉచిత తెలుగు ఫాంటు ‘బాలూ తమ్ముడు’కు పేరు మార్చి అమ్ముతున్నారు, డబ్బు కట్టకండి

పండుగలు, పెళ్లిళ్ల రోజులు దగ్గర పడగానే మన డీటీపీ (కంప్యూటర్‌లో కార్డులు, ఫ్లెక్సీలు కూర్చే) వాళ్ల వాట్సాప్ గ్రూపులన్నింటిలో ‘ఇంకెక్కడా దొరకని తెలుగు టైటిల్ ఫాంట్లు’ అని ప్రకటన పెట్టే మనిషి ఎవరో మీకు చెప్పనక్కరలేదు. పేరు రాయడం లేదు. నిన్న ఆయన దగ్గర 1,500 రూపాయలకు ఒక ప్యాకేజీ కొన్నాను. అన్నప్రాశన ఫ్లెక్సీ ఒకటి చేయాలి. పసిబిడ్డ ఫోటో పక్కన బొద్దుగా, గుండ్రంగా, కొంచెం అల్లరిగా ఉండే అక్షరం కావాలి. ఆయన పంపిన నమూనాలో సరిగ్గా అలాంటిదే కనిపించింది. ‘బాలల సంబరాలు’, ‘ఆటలు పాటలు’ అని రంగురంగులుగా వేసి ఉంది. డబ్బు పంపాను, లింకు వచ్చింది.

ఫాంటు ఎక్కించి ‘అన్నప్రాశన’ అని టైపు చేస్తే తెర మీద ‘అన్‌నప్‌రాశన’ అని వచ్చింది. న కింద వత్తు లేదు, ప కింద వత్తు లేదు, వాటి బదులు పొల్లులు. ‘లక్ష్మి’ అని కొట్టి చూస్తే ‘లక్‌ష్‌మి’ అని మూడు ముక్కలైంది. నమూనా బొమ్మను మళ్లీ తెరిచాను. అందులో వత్తు ఉన్న మాట ఒక్కటీ లేదు. వత్తు లేని మాటలనే ఏరి పెట్టాడు! అంటే ఫాంటు పనిచేయదని అమ్మేవాడికి ముందే తెలుసు. అదే ఫైలులో మండలి, రామభద్ర ఫాంట్లు పెడితే వత్తులన్నీ చక్కగా వచ్చాయి కాబట్టి లోపం సాఫ్ట్‌వేర్‌లో లేదు.

ఫోను చేశాను. డబ్బు అందేదాకా ‘అన్నగారూ, మీరు’ అన్న మనిషి, ఎత్తగానే ‘నువ్వు’లోకి దిగాడు. “అను ఫాంట్లలో లాగా వత్తు విడిగా కొట్టుకోవాలి, అది కూడా తెలియదా?” అన్నాడు. అను అంటే డీటీపీలో వాడే పాతరకం ఫాంట్లు, వాటిలో వత్తుకు వేరే మీట ఉంటుంది. ఏ మీట నొక్కాలో చెప్పమన్నాను. “తెలుగు టైపింగు రానివాడివి షాపు ఎందుకు పెట్టావు? ఈ ఫాంటు గీయడానికి మా వాళ్లకు రెండేళ్లు పట్టింది” అన్నాడు. ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు. డబ్బు పోవడం కన్నా ఆ ‘మా వాళ్లకు రెండేళ్లు’ అన్న మాట నన్ను ఇప్పటికీ మండిస్తోంది. ఎందుకంటే ఫైలు ప్రాపర్టీస్ తెరిస్తే కాపీరైటు వరుసలో ‘బాలూ’ అనీ, ఓపెన్ ఫాంట్ లైసెన్సు అనీ ఉంది. పైకి కనిపించే పేరు మాత్రమే మార్చాడు.

అది బాలూ తమ్ముడు. ముంబైలోని ఏక్ టైప్ వాళ్లు చేసిన బాలూ కుటుంబంలో తెలుగు ఫాంటు. తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, కన్నడకు తమ్మ ఇలా తోబుట్టువులు ఉన్నాయి. ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ‘బాలూ తమ్ముడు 2’ పేరుతో రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ దాకా ఐదు మందాల్లో ఉచితంగా దొరుకుతుంది. ఫ్లెక్సీకి, లోగోకి, ప్యాకెట్ మీదికి, దేనికి వాడినా ఒక్క పైసా కట్టనక్కరలేదు. ఆ లైసెన్సు ప్రకారం ఫాంటును విడిగా అమ్మకూడదు. ఏదైనా సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మినా కాపీరైటు, లైసెన్సు పాఠం జతచేయాలి. ఈయన ఇచ్చిన ఫోల్డరులో లైసెన్సు పాఠమే లేదు.

అసలు ఫాంటు దించుకుని పక్కపక్కన పెట్టి చూశాను. అంత లావు అక్షరం కింద వత్తును ఇమడ్చడమే తెలుగులో కష్టమైన పని. వత్తు మరీ సన్నబడితే తేలిపోతుంది, అక్షరమంత లావుగా ఉంటే మసిముద్దలా అవుతుంది. ఇందులో ఎక్స్‌ట్రా బోల్డ్‌లో కూడా ‘ప్ర’ విడివిడిగా చదవగలిగేలా ఉంది. ఇప్పటి ఫాంట్లు అనుసరించే అక్షర సంకేతాల పట్టిక యూనికోడ్‌లో వత్తుకు విడిగా సంకేతం ఉండదు. ప, పొల్లు, ర వరుసగా వస్తే వాటిని ‘ప్ర’గా చూపించాలనే నియమాలు ఫాంటు ఫైలులోనే ఉంటాయి. పేరు మార్చి మళ్లీ సేవ్ చేసేటప్పుడు ఆ నియమాలు ఎగిరిపోయినట్టున్నాయి. ఆ ఫాంటు గీసినవాళ్లు ఎంత శ్రద్ధ పెట్టారో అంతా తుడిచేసి, మిగిలిన తొడుగును తన సొంతమని అమ్ముతున్నాడు.

ఫ్లెక్సీ అసలు ఫాంటుతోనే పూర్తిచేశాను, ‘అన్నప్రాశన’ ఎంత ముద్దుగా వచ్చిందో చెప్పలేను. శీర్షికకు, దుకాణం బోర్డుకు, పిల్లల పుస్తకం అట్టకు నిక్షేపంగా వాడుకోవచ్చు. ఆహ్వానంలోని చిన్న అక్షరాల పేరాకు మాత్రం లావు మందాలు వద్దు, వత్తులు పూడుకుపోతాయి. రెండు వరుసల మధ్య ఎడం కూడా కాస్త ఎక్కువ ఇవ్వండి.

ఎవరి దగ్గరైనా ఫాంటు కొనేముందు ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘అన్నప్రాశన’ టైపు చేసి చూపించమనండి, లైసెన్సు అడగండి. ఇప్పటికే ఆయనకు డబ్బు కట్టినవాళ్లు రసీదు, నమూనా బొమ్మ, చాట్ స్క్రీన్‌షాట్లు చెరిపేయకండి. నేను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి ఫిర్యాదు ఇచ్చాను, మీరూ ఇవ్వండి.