లైనక్స్‌లో ప్లాన్లు గీయడానికి ఏ క్యాడ్ మేలు?

"అన్నా, నా సిస్టమ్‌కు విండోస్ 11 ఎక్కుతలేదు. లైనక్స్ వేసుకుంటే ఆటోక్యాడ్ నడుస్తదా?" 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయినప్పటి నుంచి నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల వైపు ప్లాన్లు గీసే తమ్ముళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. నాలుగో జనరేషన్ ఐ5 మీద ఇళ్ల ప్లాన్లు, వెంచర్ లేఅవుట్లు ఏ ఇబ్బందీ లేకుండా గీసుకుంటున్నవాళ్లు వీళ్లంతా. మంచిగా పనిచేస్తున్న సిస్టమ్‌ను పక్కన పెట్టాలంటే ఎవరికైనా మనసు ఒప్పదు.

ఆటోక్యాడ్ సంగతి ముందే తేల్చేద్దాం. ఒకప్పుడు దానికి యూనిక్స్ వెర్షన్లు ఉండేవి. 1997లో రిలీజ్ 14 వచ్చేసరికి అది విండోస్‌కే పరిమితమైంది. 2010లో మ్యాక్‌కు మళ్లీ వచ్చింది గానీ లైనక్స్‌కు రాలేదు. విండోస్ ప్రోగ్రామ్‌లను లైనక్స్‌లో నడిపించే వైన్ మీద ఎక్కిద్దామంటే పాత వెర్షన్లు కొన్ని తెరుచుకుంటాయి. కొత్తవాటికి డాట్‌నెట్ కావాలి, లైసెన్సింగ్ సర్వీస్ కావాలి, ఆన్‌లైన్ సైన్-ఇన్ కావాలి. వీటిలో ఏదో ఒకటి మొరాయిస్తుంది. సాయంత్రానికి పార్టీ వచ్చి ప్రింట్ అడిగేటప్పుడు ఆ టెన్షన్ ఎవరికి కావాలి? వర్చువల్ మెషిన్‌లో విండోస్ పెట్టుకోవచ్చు, కానీ దానికీ విండోస్ లైసెన్స్ కావాలి. పైగా 8 జీబీ ర్యామ్‌ను రెండు సిస్టమ్‌లు పంచుకోవాలి. బ్రౌజర్‌లో వచ్చే ఆటోక్యాడ్ వెబ్ ఫైలు చూసుకోవడానికి, చిన్న మార్పులకు చాలు.

ఇక లైనక్స్‌కే నేరుగా తయారైనవి. వీటిలో రెండు రకాలున్నాయి. మొదటి రకం ఆటోక్యాడ్ పద్ధతినే అనుసరించేవి: బ్రిక్స్‌క్యాడ్, ఏరిస్ కమాండర్. రెండో రకం సొంత పద్ధతిలో, మొదటి నుంచీ లైనక్స్‌ను కూడా దృష్టిలో పెట్టుకుని క్యూటీ లాంటి టూల్‌కిట్ (కిటికీలు, బటన్లు తయారుచేసే కోడ్) మీద కట్టినవి: ఫ్రీక్యాడ్, క్యూక్యాడ్, లిబ్రేక్యాడ్. కోడ్ శుభ్రంగా ఉండేది రెండో రకంలోనే అని ప్రోగ్రామర్లు అంటారు. నిజమే కావచ్చు. కానీ మన పని ఆగకుండా సాగేది మొదటి రకంతోనే. దానికి కారణం లిస్ప్, అంటే క్యాడ్‌లో పనులు వాటంతటవే జరిగేలా చిన్న ప్రోగ్రామ్‌లు రాసుకునే భాష.

వెంచర్ లేఅవుట్ గీసే ఆఫీసు ఏదైనా తీసుకోండి. సర్వేయర్ టోటల్ స్టేషన్ పాయింట్లు ఇస్తాడు, మనం రోడ్లు తీసి ప్లాట్లు కోస్తాం. తర్వాత ఒక్కో ప్లాట్ లోపల క్లిక్ చేస్తే నంబర్ పడాలి, కింద గజాలు పడాలి. చదరపు మీటర్లను 1.196తో గుణిస్తే గజాలు, వాటిని 121తో భాగిస్తే గుంటలు. ఇదంతా చేసేది ఎప్పుడో ఎవరో రాసిన ఒక చిన్న లిస్ప్ ఫైలు. పెన్‌డ్రైవ్‌ల మీద ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరిగింది, రాసినవాడి పేరు ఎవరికీ తెలియదు. అది లేకపోతే రెండు వందల ప్లాట్ల వెంచర్‌కు చేత్తో ఏరియాలు వేస్తూ కూర్చోవాలి. అందుకే క్యాడ్ మారేటప్పుడు నేను మొదట చూసేది నా లిస్ప్‌లు నడుస్తాయా లేదా అనే. ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైలు, అదే డీడబ్ల్యూజీ, తెరుచుకోవడం ఆ తర్వాత.

ఇక్కడే బ్రిక్స్‌క్యాడ్ ముందుంటుంది. బెల్జియం కంపెనీ బ్రిక్సిస్ తయారుచేసింది, 2018 నుంచి అది హెక్సగాన్ చేతిలో ఉంది. లైనక్స్‌కు తేవడానికి వాళ్లు వైన్ తొడుగుతో సరిపెట్టలేదు. విండోస్‌కే పనికొచ్చే మైక్రోసాఫ్ట్ టూల్‌కిట్ ఎంఎఫ్‌సీకి కట్టేసి ఉన్న తెర భాగాన్ని, లైనక్స్‌లోనూ నడిచే డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ టూల్‌కిట్ మీదకు మార్చారు. డీడబ్ల్యూజీ చదవడం, రాయడం ఓపెన్ డిజైన్ అలయన్స్ లైబ్రరీల పని. దీంతో కమాండ్లు, లేయర్లు, సీటీబీ ప్లాట్ స్టైళ్లు (ప్రింట్‌లో గీతల మందం, రంగు నిర్ణయించేవి) ఆటోక్యాడ్ చేతికి అలవాటైనట్టే ఉంటాయి. విండోస్‌లో కామ్ (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని పిలిచే పద్ధతి) ద్వారా నడిచే వీఎల్ఏ అనే లిస్ప్ ఫంక్షన్లు లైనక్స్‌లో ఉండవు కదా, వాటిలో చాలావాటిని లోపలే అనుకరించారు. గజాల లిస్ప్ లాంటివి నడిచేది అందువల్లే.

అలాగని అన్నీ నడవవు. ప్లాట్ల పట్టికను నేరుగా ఎక్సెల్ తెరిచి అందులో రాసే లిస్ప్ ఉంటే అది ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ పిలవడానికి ఎక్సెల్ లేదు. ఆ నాలుగు లైన్లు మార్చి సీఎస్‌వీ ఫైల్‌గా రాయిస్తే లిబ్రే ఆఫీస్‌లో తెరుచుకోవచ్చు. వీబీఏ మాక్రోలు, విండోస్ కోసం కంపైల్ చేసిన ప్లగిన్‌లు అసలే ఎక్కవు. ఇంకో చిక్కు ఎక్స్‌రెఫ్‌లతో, అంటే ఒక డ్రాయింగ్‌కు జోడించిన వేరే డ్రాయింగ్ ఫైళ్లతో వస్తుంది. లైనక్స్‌కు చిన్నక్షరం వేరు, పెద్దక్షరం వేరు. ఇంగ్లిష్‌లో ఫైలు పేరు పెద్దక్షరాల్లో ఉండి, డ్రాయింగ్‌లో చిన్నక్షరాలతో నమోదై ఉంటే ఎక్స్‌రెఫ్ దొరకకపోవచ్చు. లిస్ప్‌లో డి డ్రైవ్ అని పాత్ రాసి ఉన్నా అంతే, లైనక్స్‌లో డ్రైవ్ అక్షరాలే ఉండవు. టైటిల్ బ్లాక్‌లో వెంచర్ పేరు అను ఫాంట్‌లో ఉంటే ఆ ఫాంట్ ఫైలును కూడా తీసుకెళ్లండి, లేకుంటే తెలుగు స్థానంలో పిచ్చి గీతలు వస్తాయి. ఇవన్నీ ఒకసారి కూర్చుని సరిచేసుకుంటే తీరిపోయే పనులు.

డబ్బు మాటకొస్తే బ్రిక్స్‌క్యాడ్ ఉచితం కాదు. కానీ ఏటేటా కట్టే పద్ధతితో పాటు ఒకేసారి కొనుక్కునే లైసెన్స్ కూడా ఉంది. ఆటోక్యాడ్‌లో అలాంటి కొత్త లైసెన్స్‌ల అమ్మకం 2016లోనే ఆగిపోయింది. చిన్న ఆఫీసుకు ఈ తేడా చిన్నది కాదు.

ఏరిస్ కమాండర్ కూడా దాదాపు ఇదే బాపతు. లిస్ప్ ఉంది, డీడబ్ల్యూజీ ఉంది. బ్రిక్స్‌క్యాడ్ నచ్చకపోతే దీన్ని చూడండి.

డ్రాఫ్ట్‌సైట్ గురించి అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒకప్పుడు ఉచితంగా లైనక్స్‌లో దొరికేది, 2019తో ఆ కథ ముగిసింది. పాత ఇన్‌స్టాలర్ ఎక్కడో దొరికినా దాని జోలికి పోవద్దు.

క్యూక్యాడ్ ప్రొఫెషనల్ తక్కువ ఖర్చులో మంచి 2డీ. డీడబ్ల్యూజీ తెరుస్తుంది, పాత సిస్టమ్‌లోనూ తేలిగ్గా నడుస్తుంది. లిస్ప్ మాత్రం లేదు, స్క్రిప్టులు జావాస్క్రిప్ట్‌లో రాసుకోవాలి. ఒక్కో ఇంటి ప్లాన్ విడిగా గీసుకునేవాళ్లకు సరిపోతుంది. లిబ్రేక్యాడ్ పాలిటెక్నిక్ పిల్లలు నేర్చుకోవడానికి బాగుంటుంది.

ఫ్రీక్యాడ్‌ది వేరే దారి. 2024 నవంబర్‌లో 1.0 వచ్చింది. స్కెచ్ మారిస్తే పైనున్న ముఖాల లెక్క తప్పి మోడల్ విరిగిపోయే పాత జబ్బు అందులో చాలావరకు తగ్గింది, అసెంబ్లీ కూడా లోపలే వచ్చింది. మిర్యాలగూడ రైస్ మిల్లులకు ఎలివేటర్ బూట్లు, హాపర్లు, షెడ్ ట్రస్‌లు చేసే ఫ్యాబ్రికేటర్ నన్ను అడిగితే రూపాయి ఖర్చు లేకుండా దీన్నే వేసుకోమంటాను. డీడబ్ల్యూజీ మాత్రం విడిగా కన్వర్టర్ పెట్టుకుంటే తప్ప తెరుచుకోదు. వెంచర్ పనికి అది ఇబ్బందే.

మున్సిపల్ పర్మిషన్ ఫైళ్లు చేసేవాళ్లకు ఒక మాట. డ్రాయింగ్‌ను ఆన్‌లైన్ పరిశీలనకు తయారుచేసే ప్లగిన్ విండోస్‌ది అయితే ఏ లైనక్స్ క్యాడ్‌లోనూ నడవదు. ఆఫీసులో ఒక సిస్టమ్‌ను విండోస్ 11తో ఉంచుకుని, గీసే సిస్టమ్‌లను లైనక్స్‌కు మార్చండి. కొనే ముందు బ్రిక్స్‌క్యాడ్ ట్రయల్ దించుకుని మీ దగ్గరున్న లిస్ప్‌లన్నీ ఒక పాత వెంచర్ ఫైలు మీద నడిపించి చూడండి. ఏ లిస్ప్ దగ్గర ఆగిందో, ఏం మెసేజ్ వచ్చిందో రాసుకుని నాకు పంపితే ఏ లైను మార్చాలో చెప్తాను.