పరిగె ఏరేవాళ్ల వెనక గుర్రం ఉందా? ఐదేళ్లుగా గోడ మీదున్న మూడు చేతి కాపీలు

మిల్లే వేసిన 'పరిగె ఏరేవాళ్లు' (1857; పరిగె అంటే కోతయ్యాక పొలంలో మిగిలిన కంకులు), వాన్‌గో 'బంగాళాదుంపలు తినేవాళ్లు' (1885), గెయిన్స్‌బరో 'ఆండ్రూస్ దంపతులు' (1750 ప్రాంతం). మూడూ కాన్వాస్ మీద ఆయిల్ రంగులతో చేతితో వేసిన కాపీలే, ముగ్గురు వేరువేరు చిత్రకారులు వేసినవి. ఐదేళ్లు రోజూ చూశాక గట్టిగా చెప్పగలిగేది ఇది: పేదా గొప్పా తేడాను చూపించే బొమ్మలు ముఖాల దగ్గర పెద్దగా చెడవు. అంచుల దగ్గరా, మట్టి రంగుల దగ్గరా చెడతాయి. బొమ్మ చెప్పదలుచుకున్న సంగతి ఉండేది కూడా అక్కడే.

ముందు కొలతలు చూసుకోవాలి. అమ్మేవాళ్లు ఎక్కువగా 60×90 సెంటీమీటర్లు తీసుకోమంటారు. ఆండ్రూస్ దంపతుల అసలు బొమ్మ 69.8×119.4. ఎత్తు 60 పెడితే వెడల్పు 102 దాటాలి. 90కి కుదిస్తే పన్నెండు సెంటీమీటర్లు పోతాయి, అవీ కుడివైపునే పోతాయి. భార్యాభర్తలిద్దరూ ఎడమ పక్క చెట్టు కింద ఉంటారు, కుడి సగమంతా వాళ్ల పొలం. కోసి కట్టిన పనలు కనిపిస్తాయి గానీ కోసిన మనిషి ఒక్కడూ కనిపించడు. ఆ పొలం తగ్గిందంటే మిగిలేది పెళ్లి ఫోటో. మిల్లే బొమ్మకు 60×79, వాన్‌గో బొమ్మకు 60×83 సరైన లెక్క. చట్రం ప్రత్యేకంగా చేయించాల్సి వచ్చినా ఇక్కడ వెనక్కి తగ్గొద్దు.

ఆండ్రూస్ భార్య ఒడిలో అసలు బొమ్మలో కొంతమేర ఖాళీ ఉంది, గెయిన్స్‌బరో అక్కడ పూర్తి చేయలేదు. కాపీ వేసేవాళ్లకు చేయి ఊరుకోదు. పుస్తకమో పిట్టో పెట్టేస్తారు, లేదా గౌను రంగుతో నింపేస్తారు. ఖాళీని ఖాళీగానే ఉంచమని ఆర్డర్‌లోనే రాయాలి. దోమియే వేసిన రైలు బొమ్మ 'మూడో తరగతి పెట్టె'కూ ఇదే జాగ్రత్త కావాలి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న రూపం అసంపూర్తిగా ఉంది, గళ్ల గీతలు కూడా కనిపిస్తాయి. వాటిని చెరిపేసి నునుపు చేస్తే ఆ పెట్టెలోని ఇరుకు పోతుంది.

మిల్లే కాపీ మూడింటిలోకీ బాగా వచ్చింది. నీలం, ఎరుపు, పసుపు తలగుడ్డల రంగులు సరిగ్గా మసకగానే ఉన్నాయి. ఎడమవైపామె వీపు మీద పెట్టుకున్న చేతిలో పరిగె గుప్పెడే ఉంది, అది కట్టంత అవకూడదు. లోపమల్లా దూరంగా కుడివైపు గుర్రం మీదున్న పెత్తందారు మొదటిసారి అసలు లేకపోవడం. కోసిన చేని కొయ్యకాళ్ల మీద వంగిన ముగ్గురికీ, వెనక కుప్పలూ బండీ ఉన్న పంటకూ మధ్య ఎంత దూరమో చెప్పేది ఆ చిన్న మచ్చే. అడిగితే వేసిచ్చారు. ఆరిన రంగు మీద వేశారు కాబట్టి నిలిచింది.

వాన్‌గో కాపీతోనే ఎక్కువ ఇబ్బంది. తొక్క తీయని, మట్టి అంటిన దుంప రంగు కావాలనుకున్నానని ఆయనే ఉత్తరంలో రాశాడు. వచ్చిన కాపీలో ముఖాలు గులాబీ రంగులో ఉన్నాయి, దీపం వెలుగు పసుపు పచ్చగా మెరిసిపోతోంది. పూర్తిగా ఆరాక రా అంబర్ అనే మట్టి గోధుమ రంగులో కాస్త టెర్ వెర్ట్ అనే మట్టి ఆకుపచ్చ కలిపి పలచటి పూత వేస్తే చాలావరకు దారికొచ్చింది. చేతులు మాత్రం దారికి రాలేదు. కణుపులు తేలిన వేళ్లను సన్నగా గీసేశాక పై పూత ఏమీ చేయలేదు. అందుకే డబ్బు పూర్తిగా కట్టేలోపు చేతుల దగ్గరి ఫోటో విడిగా అడగాలి.

ముదురు గోధుమ రంగులు ఎక్కువున్న బొమ్మకు ఇంకో జబ్బు ఉంది. అంబర్ వేసిన చోట నూనెను కింది పొర పీల్చేసుకుంటుంది. ఏడాది తిరిగేసరికి నీడలు బూడిద పట్టినట్టు మెరుపు లేకుండా కనిపిస్తాయి, పక్కన తెలుపు కలిసిన చోట మెరుపు అలాగే ఉంటుంది. రంగు వెలిసిపోయిందని కంగారుపడక్కర్లేదు. అవిసె నూనెను సమానంగా టర్పెంటైన్‌తో పలచన చేసి, మెత్తటి గుడ్డతో పలచగా రాసి, కొన్ని నిమిషాలాగి మిగిలింది తుడిచేయాలి. తుడవకుండా వదిలితే జిడ్డు పొర పసుపెక్కుతుంది. నూనె గుడ్డల్ని ఉండచుట్టి పారేయొద్దు, వాటంతట అవే అంటుకుంటాయి. తడిపి, పరిచి ఆరేయాలి.

వార్నిష్‌కు ఆరు నెలలు ఆగాలి, మందంగా వేసిన చోట్లకు ఏడాది. తొందరపడి వేసి పంపిన కాపీ చేతికి జిగటగా వస్తుంది, చుట్టిన బుడగల కవరు అచ్చు పడిపోతుంది, ఆ అచ్చు ఇక పోదు. చుట్టేటప్పుడు రంగు వైపు బయటికి ఉండాలి, గొట్టం లావుగా ఉండాలి. చీకటి బొమ్మకు బాగా మెరిసే గ్లాసీ వార్నిష్ వేస్తే గోడ మీద కిటికీ ప్రతిబింబమే కనిపిస్తుంది, మెరుపు తక్కువుండే శాటిన్ మేలు.

మీటరు దాటిన వెడల్పుకు చట్రంలో మధ్య పట్టీ తప్పనిసరి. ఆండ్రూస్ కాపీ తేమ కాలంలో వదులై అలలు తేలింది. మూలల్లో చెక్క చీలలున్న చట్రం కాబట్టి ఒక్కోటి రెండేసి చిన్న దెబ్బలు వేస్తే బిగిసింది. పిన్నులు కొట్టేసిన మూలలైతే ఊడదీసి మళ్లీ లాగి బిగించాల్సిందే. అందుకు చుట్టూ కనీసం ఐదు సెంటీమీటర్ల కాన్వాస్ వదిలి ఉండాలి.

చేతిపని పేరుతో ప్రింట్ మీద జెల్ రాసి ఇచ్చేవీ ఉన్నాయి. టార్చిని పక్కనుంచి వేసి చూస్తే జెల్ గీతలన్నీ ఒకే వైపు పోతాయి, బట్ట మడతకూ నేలకూ తేడా ఉండదు. లెన్సులో సిరా చుక్కలు కనిపిస్తాయి.

కూర్బే 'రాళ్లు కొట్టేవాళ్లు' (1849) కాపీ వేయిస్తామనేవాళ్లకు ఒక మాట. అసలు బొమ్మ 1945లో యుద్ధంలో నాశనమైంది. ఏ కాపీ అయినా పాత ఫోటోల మీద ఆధారపడిందే, కాబట్టి ఏ ఫోటో చూసి వేస్తున్నారో ముందే పంపించమనండి. రేపిన్ 'వోల్గా పడవలు లాగేవాళ్లు' 281 సెంటీమీటర్ల వెడల్పు. 90కి తెస్తే పదకొండు మంది ముఖాలూ మూడో వంతుకు కుంచించుకుపోతాయి. అంత గోడ లేకపోతే ముందు వరసలోని ముగ్గురు నలుగురిని మాత్రమే, పెద్దగా, భాగం కాపీగా వేయించుకోవడం మంచిది.