ఊసరవెల్లితో పాటు 'కంప్లీట్ కిట్' అంటగడుతున్నారు, జాగ్రత్త

అమెరికాలో ఉన్న మనవాళ్ళెవరైనా పిల్లలు అడుగుతున్నారని ఊసరవెల్లిని కొనబోతుంటే, డబ్బు కట్టకముందే ఇది చదవండి. మేం డాలస్ దగ్గర ఒక రెప్టైల్ ఎక్స్‌పోలో (పాములు, బల్లుల్లాంటివి అమ్మే సంతలో) కొన్నాం. అమ్మినవాడి పేరు రాయను. ఇలాంటి కిట్లు అమ్మేది అతనొక్కడే కాదు.

వేల్డ్ కెమిలియన్ అనే జాతి ఊసరవెల్లి పిల్ల, మగది, ఫామ్‌లో పుట్టింది అని చెప్పాడు. చిన్న గాజు ట్యాంకు, పగటికి తెల్ల బల్బు, రాత్రికి ఎర్ర బల్బు, నీళ్ళ గిన్నె, ఎండబెట్టిన పురుగుల డబ్బా అన్నీ కలిపి 280 డాలర్లు. "కిటికీ పక్కన పెట్టండి, ఎండ తగిలితే చాలు" అని సలహా కూడా ఇచ్చాడు.

ఆ కిట్‌లో ఊసరవెల్లికి పనికొచ్చేది దాదాపు ఏమీ లేదు. గిన్నెలో నిలవ ఉన్న నీళ్ళను అది సాధారణంగా పట్టించుకోదు. ఆకుల మీద జారే చుక్కల్ని నాకి తాగుతుంది. అందుకే రోజూ ఆకులు తడిసేలా నీళ్ళు స్ప్రే చేయాలి, లేదా చుక్కలు పడే డ్రిప్పర్ పెట్టాలి. ఎండు పురుగుల వంక చూడనైనా చూడదు, కదిలితేనే దానికి తిండి. ఎర్ర బల్బు నిద్ర చెడగొట్టడానికి తప్ప ఎందుకూ కాదు, ఇంట్లో ఉండే రాత్రి చల్లదనం దానికి మంచిదే.

అన్నిటికన్నా దెబ్బ కొట్టింది తెల్ల బల్బు. వెలుతురు, వేడి ఇస్తుంది గానీ అందులో యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) లేదు. యూవీబీ లేకపోతే ఒంట్లో డీ3 విటమిన్ తయారవదు, తిన్న కాల్షియం ఒంటబట్టదు, చివరికి ఎముకల్లో ఉన్న కాల్షియమే కరిగిపోతుంది. కిటికీ ఎండ సంగతంటారా, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది.

కొన్నాళ్ళకి కొమ్మ మీద పట్టు తప్పడం మొదలైంది. ముందు కాళ్ళు వంకర తిరిగాయి, నాలుక పూర్తిగా చాచలేకపోయేది. డాక్టర్ ఎక్స్‌రే తీసి మెటబాలిక్ బోన్ డిసీజ్, అంటే కాల్షియం అందక ఎముకలు బలహీనపడే జబ్బు అన్నారు. బిల్లు కొన్న ధరకి రెట్టింపు దాటింది. వెనక కాలు ఎత్తి చూసి "ఇది ఆడది" అని కూడా చెప్పారు. వేల్డ్ జాతిలో మగదానికి పుట్టినప్పటి నుంచే వెనక మడమ దగ్గర చిన్న బొడిపె ఉంటుందట, దీనికి లేదు. (మావాడు అప్పటికే రాజా అని పేరు పెట్టేశాడు. అదే ఉంచాం.) ఇదేమీ చిన్న తేడా కాదు. ఆడది మగతోడు లేకున్నా గుడ్లు పెడుతుంది. తవ్వుకోవడానికి లోతుగా తడి ఇసుక లేకపోతే గుడ్లు లోపలే ఉండిపోయి ప్రాణం మీదికొస్తుంది.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే "ఇంటికి ప్రాణంతో చేరింది కదా, మా గ్యారంటీ అంతవరకే" అన్నాడు. రసీదు వెనక నిజంగానే అలా రాసుంది, చీమ తలకాయంత అక్షరాల్లో.

కాబట్టి కొనేవాళ్ళు మడమ మీరే చూడండి. పగటిపూట కళ్ళు మూసుకుని ఉన్నా, గుంటలు పడి ఉన్నా కొనకండి. ఫామ్‌లో పుట్టిందంటే ఏ తేదీన గుడ్డులోంచి బయటికొచ్చిందో, తల్లిదండ్రులు ఏవో అడగండి. ఈ జాతిది యెమెన్, సౌదీ ప్రాంతమే అయినా ఇప్పుడు ఫ్లోరిడాలో బయట చెట్ల మీద బతుకుతోంది. వాటిని పట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు. తేదీ అడగ్గానే మాట మార్చితే అక్కడి నుంచి వచ్చేయండి. కిట్ మాత్రం ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. ఎత్తుగా ఉండే జాలీ కేజ్, యూవీబీ ఇచ్చే టీ5 రకం ట్యూబ్‌లైటు విడిగా కొనుక్కోండి.

ఇప్పటికే ఆ కిట్ కొనేసినవాళ్ళు ఇవాళే యూవీబీ ట్యూబ్ తెచ్చి పెట్టండి, బతికున్న కీచురాళ్ళకి కాల్షియం పొడి అద్ది వేయండి. కాళ్ళు వంగినట్టు అనిపిస్తే ట్యూబ్ మార్చి ఊరుకోకుండా ఎక్సోటిక్ వెట్‌కి (ఇలాంటి జంతువుల్ని చూసే డాక్టర్‌కి) చూపించండి. కుక్కల్ని, పిల్లుల్ని చూసే డాక్టర్లు చాలామంది వీటిని చూడరు, ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి.