డ్యాష్‌బోర్డ్ ఫ్లెక్స్ తెగితే సిల్వర్ పెయింటా, సోల్డరింగా?

పాత కార్ల మీటర్ బోర్డు వెనక వైర్లకు బదులు పలచటి ప్లాస్టిక్ షీటు మీద రాగి గీతలు ఉంటాయి, దీన్నే ఫ్లెక్స్ అంటారు. బల్బు హోల్డర్లు తిప్పి తిప్పి, కనెక్టర్ లాగి లాగి అవి చిట్లిపోతాయి.

సిల్వర్ పెయింట్‌తో, అంటే వెండి పొడి కలిసిన, కరెంటు పారే పెయింట్‌తో పని తేలిక. గీత మీది పూతను బ్లేడుతో మెల్లగా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పెయింట్ పూసి ఆరనివ్వడమే. వేడితో పని లేదు కాబట్టి షీటు పాడవుతుందన్న టెన్షన్ ఉండదు. ఒక్క వార్నింగ్ లైటు గీత తెగితే ఇది చాలు. కానీ షీటు మడత పడేచోట పూస్తే మళ్ళీ పగులుతుంది.

అసలు చిక్కు బల్బులన్నిటికీ ఉమ్మడిగా ఉండే ఎర్త్ గీతతో. 12 వోల్టుల 3 వాట్ల బల్బు ఒక్కటే 0.25 ఆంపియర్లు లాగుతుంది. ఆరు బల్బులైతే 1.5 ఆంపియర్లు. అంత కరెంటుకు పెయింట్‌ను నమ్మలేం, లైట్లు మసకబారతాయి. అక్కడ సన్నని వైరు సోల్డర్ చేయాల్సిందే.

అయితే ముందు షీటు ఏదో చూసుకోండి. తేనె రంగు పాలీఇమైడ్ వేడిని బాగానే ఓర్చుకుంటుంది. పాలియెస్టర్ మాత్రం సుమారు 250 డిగ్రీలకే కరుగుతుంది, సోల్డరింగ్ ఐరన్ మొనేమో మామూలుగా 300 దాటే ఉంటుంది. వైరు కొసకు ముందే సోల్డర్ పట్టించి, అది బాగా అంటుకునేలా చేసే ఫ్లక్స్ రాసి, ఒకటి రెండు సెకన్లలో అంటించి తీసేయాలి. చేయి తిరగనివాళ్ళు ముందు ఏదైనా పాత షీటు మీద ప్రయత్నిస్తే మంచిది. అతికాక వైరు కదలకుండా టేపు వేయండి.

బల్బు హోల్డర్ రాసుకునే చోట మాత్రం రెండూ దండగే. అక్కడ రాగి రేకు టేపు అంటించి, దాని అంచును గీతకు సోల్డర్ చేయడమే మేలు.